ఖాళీగా వదిలిన గడి

నా కూతురు నొప్పి తెలియకుండానే చచ్చిపోతుందేమోనన్నది నాకున్న అన్ని భయాల్లోకీ పెద్ద భయం. కాలికి మేకు దిగితే ఆ మేకుతోనే నడిచి వచ్చి, నా కొంగు పట్టుకుని నవ్వుతుందేమోనని. నేను కిందకి చూడడం మర్చిపోతానేమోనని.

దాని పేరు లిఖిత. రెండున్నరేళ్ళు. నా పేరు వీరవేణి. కాకినాడ రోడ్డు మీద రొయ్యల షెడ్డులో ఒలుపు పని. ఎనిమిదో తరగతి సగంలో ఉండగా బడి మాన్పించేశారు కాబట్టి, ఈ కంప్యూటరు సంగతులన్నీ నాకు అర్థమైన మేరకే చెబుతాను.

రొయ్య ఒలిచేటప్పుడు చెయ్యి ఐసు నీళ్ళలోనే ఉండాలి. బయటికి తీసి ఒలిస్తే రొయ్య మెత్తబడుతుంది, కొనేవాళ్ళు వెనక్కి పంపేస్తారు. పొద్దున్న ఏడింటికి చెయ్యి పెడితే తొమ్మిదికల్లా వేళ్ళు మనవి కావు. సాయంత్రం ఇంటికి వెళ్ళాక వాటిల్లోకి మళ్ళీ నెత్తురు వస్తుంటే పచ్చి కారం పూసినట్టు మంట. లిఖిత గౌను గుండీలు పళ్ళతో పెట్టిన రోజులున్నాయి నాకు.

అప్పుడు వచ్చింది ఊరట పట్టీ. రూపాయి బిళ్ళంత ఉంటుంది. మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట అంటిస్తారు. ఒంట్లో ఎక్కడి నుంచి నొప్పి బయల్దేరినా తలకి చేరకుండా అక్కడే ఆపేస్తుంది. ముట్టుకుంటే తెలుస్తుంది, నొప్పి ఒక్కటే తెలియదు. దానికి సున్నా నుంచి పది దాకా అంకెలు. పది అంటే దేవుడిచ్చిన నొప్పి మొత్తం. సున్నా అంటే ఏమీ లేదు. ఆఫీసులో కూర్చుని వెబ్ పేజీలో ఏ అంకె కొడితే అది మన మెడ మీదికి వచ్చేస్తుంది. మా షెడ్డుకి సున్నా కొట్టారు. ఆ రోజు నాలుగొందల మంది ఆడవాళ్ళం ఐసు తొట్టెల్లో చేతులు పెట్టి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. నా పక్క బల్ల మీద ఒలిచే రత్నకుమారి, "ఒదినా, ఇది ఐసా, వెన్నా?" అంది. ఇంటికి వెళ్ళి నేను లిఖితకి గుండీలన్నీ వేళ్ళతోనే పెట్టాను. పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను.

ఆ పట్టీని నేను తిట్టలేను. అదే నా కోపం.

ఆరు నెలల తర్వాత షెడ్డు వెనకే పిల్లల గది తెరిచారు. పిల్లలకీ పట్టీలు వేస్తామన్నారు. సూపర్‌వైజరు బుల్లబ్బాయి గారు బల్ల వేసుకుని కూర్చుంటే మేం వరసలో నిలబడ్డాం.

"పిల్లలకెందుకండీ ఇది?" అని అడిగాను.

"జొరం వత్తే నీకంటే ముందు దానికే తెలిసిపోద్ది. పిల్ల గేటు దాటితే గంట కొడతాది. ఇంకేటి కావాలి నీకు?" అన్నారాయన.

కంప్యూటరు మీద నలభై ఒక్క గడులున్నాయి. ఆయన రెండు గడులు నింపి గడియారం చూసుకున్నారు. బయట లారీలోంచి సరుకు దిగుతోంది.

"ఇయ్యన్నీ నింపుతా కూచుంటే ఆడ ఐసు కరిగిపోద్ది. ఖాళీగా ఒగ్గేత్తే తల్లికున్నదే పిల్లకొచ్చేత్తాదంట. ఏటంటావ్?"

మా వైపు పిల్లకి మొదటి ముద్ద తల్లి కంచంలోంచే పెడతారు. తల్లి రుచి చూసి, కారం లేదనుకున్నాకే పిల్ల నోట్లో. ఆ లెక్కనే నేను, "నాకున్నదే ఇచ్చెయ్యండి బాబూ. నాకంటే తక్కువేటి నా పిల్లకి?" అన్నాను. వరసలో అందరూ నవ్వారు. నా వెనక రత్నకుమారి కూడా, "మా ఎన్నెలకీ అంతేనండి. నాకెలాగో దానికీ అలాగే," అంది. పన్నెండు మంది తల్లులం అదే మాట అన్నాం. మొదట అన్నది మాత్రం నేను.

అయిదు వారాల దాకా ఏమీ తెలియలేదు. పిల్ల ఏడవడం మానేస్తే ఏ తల్లయినా కంగారు పడుతుందా? బుద్ధిగా ఉంటోంది అనుకున్నాను. పక్కింటావిడకి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆదివారం షెడ్డుకి సెలవు. పొద్దున్న అట్లు పోస్తున్నాను. పొయ్యి కిందే పెట్టుకుంటాం మేం. పచ్చడి గిన్నె కోసం వెనక్కి తిరిగాను. ముందు వాసన వచ్చింది. తిరిగి చూసేసరికి లిఖిత పెనం మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది.

"అమ్మా, చెయ్యి అంతుకుంది," అంది. బెల్లం అంటుకున్నప్పుడు చెప్పినట్టు.

ఆ చెయ్యి పెనం మీంచి తీసింది నేను. దాని తోలు కొంచెం అక్కడే ఉండిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరు గారు కట్టు కడుతూ, "ఎంతసేపు పెట్టింది?" అన్నారు.

"తెలీదండి."

"ఏడవలేదా?"

"లేదండి."

ఆయన కట్టు ఆపి, పిల్ల జుట్టు పైకెత్తి మెడ చూశారు. నా మొగుడు ధనరాజు పక్కనే ఉన్నాడు. చెరువులకి మేత ఆటో తోలుతాడు. మనిషి మంచివాడే గానీ చెయ్యి ముందు, మాట తర్వాత. "పీకెయ్యండి సార్ దాన్ని, ఇప్పుడే పీకెయ్యండి," అని తానే పట్టీ మీద చెయ్యి వెయ్యబోయాడు.

డాక్టరు గారు ఆ చెయ్యి పట్టుకుని ఆపారు. "పీకితే ప్రాణం మీదికొస్తుంది. నరాలు దీనికి అలవాటు పడిపోయాయి. అంకె నాలుగు రోజులకి ఒకటి చొప్పున పెంచుకుంటూ పదికి తేవాలి. నలభై రోజులు. అప్పుడు దానంతటదే ఊడొస్తుంది. కిందటి నెల ఒకావిడ పీక్కుని వచ్చింది. మూడు రోజులు మూర్ఛలే. ఆవిడ పెద్దావిడ కాబట్టి బతికింది," అన్నారు.

మర్నాడు లిఖితని ఎత్తుకుని బుల్లబ్బాయి గారి దగ్గరికి వెళ్ళాను. కట్టు చూసి పాపం ఆయనకీ మొహం వాడిపోయింది. ఆయనకీ మనవరాలుంది. వెంటనే పేజీ తెరిచి లిఖిత గడిలో ఒకటి కొట్టారు. "ఇదుగో, సొంతం అని కూడా పడింది చూడు. ఇంక మీయమ్మాయి లెక్క మీయమ్మాయిదే," అన్నారు.

నేను బయటికొచ్చి గోడ చాటున పిల్ల తొడ గిల్లాను. లిఖిత నా వేళ్ళకేసి చూసి, "చీమా?" అంది. తెలిసింది! కొంచెం తెలిసింది. గోడకి ఆనుకుని దాన్ని ముద్దులు పెట్టుకున్నాను.

మర్నాడు ఏడింటికి షిఫ్టు సైరను మోగింది. ఎనిమిదింటికి పిల్లల గదిలోకి వెళ్ళి మళ్ళీ గిల్లాను. ఇంకా గట్టిగా గిల్లాను. లిఖిత తన పాటికి తాను ప్లాస్టిక్ గ్లాసులు పేర్చుకుంటోంది.

ఇలా పదిహేడు రోజులు. బుల్లబ్బాయి గారు ఒకటి కొడతారు. సాయంత్రం దాకా ఉంటుంది. పొద్దున్న సైరను మోగగానే పోతుంది. పేజీ మీద మాత్రం ఒకటి అలాగే ఉంటుంది. రోజూ పొద్దున్నే కన్నకూతురిని గిల్లి చూడడం నా పని అయిపోయింది. తొడ నిండా నీలం మచ్చలు. పిల్లల గది ఆయా నన్ను అదోలా చూడ్డం మొదలెట్టింది.

హెల్ప్‌లైనుకి ఫోన్ చేశాను.

"మేడమ్, మీ పాప సెట్టింగు మా దగ్గర ఒకటి అనే చూపిస్తోంది."

"చూపిత్తందండి. పిల్లకి తెలట్లేదు."

"మా వైపు నుంచి సమస్య ఏమీ లేదు మేడమ్."

"మీ వైపు లేదండీ, నా చంకలో ఉంది. గిల్లుతున్నా, ఇదుగో గిల్లుతున్నా, ఇనపడుతుందా ఏడుపు?"

"లేదు మేడమ్."

"అదేనండి సమస్య!"

ఫోన్ పెట్టేసిన రెండు నిమిషాలకి మెసేజి. మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని. అలాంటి మెసేజిలు పదకొండు వచ్చాయి. పన్నెండోసారి ఫోనెత్తిన అబ్బాయి నా గొంతు విని, మెల్లగా, "అమ్మా, ఇది మా వల్ల కాదు. వైజాగులో ఇది రాసినవాళ్ళుంటారు. మధురవాడ. నేను చెప్పానని చెప్పకండి," అన్నాడు.

పిల్లని తీసుకుని సామర్లకోటలో రైలెక్కాను. ఆ ఆఫీసు ఆరో అంతస్తులో ఉంది. గాజు గది. లోపల పొడుగాటి బల్లల మీద పారదర్శకంగా ఉన్న జెల్లీ ముద్దలు, మనిషి మెడకి బదులనుకుంటా, ఒక్కోదానికి ఒక్కో పట్టీ అంటించి, వైర్లు తగిలించి ఉన్నాయి. ఫర్హానా అనే అమ్మాయి బయటికొచ్చింది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. చేతిలో అన్నం గిన్నె. నన్ను పంపించెయ్యాలనే వచ్చినట్టుంది. లిఖిత చేతి కట్టు చూసి, గిన్నె అక్కడే కిటికీలో పెట్టేసింది.

"రండక్కా, లోపలికి రండి."

"మేడమ్‌గారూ, నాకు సదువు లేదండి. తెలిసేలా సెప్పండి."

"మేడమ్ వద్దు, ఫర్హానా అనండి." ఆమె కంప్యూటరు నా వైపు తిప్పింది. "పాప గడిలో ఒకటి ఉంది, నిజమే. రాసి ఉన్నది ఇది. కానీ నడుస్తున్నది ఇది." ఇంకో పేజీ తెరిచింది. అక్కడ సున్నా ఉంది.

మా షెడ్డులో రొయ్య కడిగే తొట్లు మూడు మెట్ల మీద మూడుంటాయి. పై తొట్టి నిండి రెండో దాంట్లోకి, రెండోది నిండి మూడో దాంట్లోకి పొర్లుతుంది. పైన మందు కలిపితే కింద తొట్టిలో ప్రత్యేకంగా కలపక్కర్లేదు. ఇదీ అలాంటిదేనట. అన్నిటికంటే పైన కంపెనీ. దాని కింద మా షెడ్డు. షెడ్డు కింద నేను. నా కింద లిఖిత. ఎవరి గడి ఖాళీగా ఉంటే వాళ్ళకి పైవాళ్ళది వచ్చేస్తుంది. ఎవరి గడిలో వాళ్ళు రాసుకుంటే ఆ రాసుకున్నది నడవాలి.

"మరి రాశారు కదండీ? నడవదేటి?"

"మీ షెడ్డు గడికి తాళం వేశారు. దీని కిందవాళ్ళెవరూ మార్చకూడదు అని. పొద్దున్న షిఫ్టు మొదలయ్యేటప్పుడు ఆ తాళం కిందికంటా దిగి, అందరికీ సున్నా పెట్టేస్తుంది. వేసినవాళ్ళు మీ నాలుగొందల మందినీ దృష్టిలో పెట్టుకుని వేశారు. మీ కింద పిల్లలున్నారని తాళానికి తెలియదు."

"ఖాళీగా ఉంటే పైనోళ్ళది తీసుకోమని ఎవడు రాశాడండీ అసలు?"

ఆ అమ్మాయి జెల్లీ ముద్దల వైపు చూసింది.

"నేనే. అప్పుడు ఇందులో పిల్లలు లేరక్కా. ఒలుపు బల్లల కోసం రాశాను. ఒక్కొక్కళ్ళకీ నలభై ఒక్క గడులు నింపక్కర్లేకుండా ఒకే ఒక్క లైను. ఆ రోజు టీములో అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లల పట్టీలు తర్వాత ఎవరో అమ్మారు. నన్ను అడగలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "గడి ఖాళీగా ఒదిలేమంటే మాకు తెలీక ఒదిలేమండి. తెలీనోళ్ళని కూచోబెట్టి అడగాలి గానీ, పైనోడి దగ్గరున్నది తెచ్చి పొయ్యడమేటండి? సదుంకున్నోళ్ళకి ఆ మాత్రం తోచలేదా?"

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. లిఖిత ఆ జెల్లీ ముద్దని వేలితో పొడిచి కిలకిలా నవ్వింది. "తాళం తీయడం మీ మేనేజరు చేతిలో ఉంది. అడగండి," అంది ఫర్హానా చివరికి.

అడిగాను. మేనేజరు గారు కసురుకోలేదు. నన్ను బల్లల దగ్గరికి తీసుకొచ్చి, పని ఆపించి, అందరికీ వినపడేలా చెప్పారు. "ఈ తాళం తీస్తే దాంతోపాటే షెడ్డు సున్నా కూడా చెరిగిపోయి, మీ అందరికీ ఒకేసారి పైన కంపెనీ రాసిన మామూలు అంకె వచ్చేస్తుంది. అది పది. చేతులు ఐసులో ఉండగా పది. మూర్ఛలు రావచ్చునట. వీరవేణి కూతురి కోసం తీయమంటుంది. మీరు తీయమంటే తీస్తాను."

గొట్టంలోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు. చివరికి మూల బల్ల మీది పెద్దావిడ, "మా సేతులు మళ్ళీ తగలబెట్టకే తల్లీ. నీకు దణ్ణం పెడతాను," అంది. నిజంగానే పెట్టింది, ఆ రొయ్య పొట్టు చేతులతో. ఆవిడ మీద నాకేం కోపం ఉంటుంది? ఆ మంట నాకు తెలియనిదా? ఎవరి మీద కోపపడాలో తెలియకపోవడం కంటే పెద్ద హింస లేదు.

ఆ సాయంత్రం ధనరాజు, "పని మానేత్తే పోలా? షెడ్డులో లేపోతే షెడ్డు తాళం నిన్నేటి సేత్తాది? నీకు లేనిది పిల్లకెలాగొత్తాది?" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. సోమవారం మానేద్దామనుకున్నాను. మర్నాడు బల్ల దగ్గర రత్నకుమారితో అదే అన్నాను. "మానెయ్ ఒదినా. మనం బయటికొచ్చేత్తే పిల్లలు బాగుపడతారు. అంతే."

రత్నకుమారి గాలివాటం మనిషి. దాని మొగుడు పడవ మీద వెళ్ళి తిరిగి రాలేదు, రెండేళ్ళయింది. దానికి ఎవరినీ అడగాల్సిన పని లేదు. "అయితే సోమారం దాకా ఎందుకు?" అంది. ఆ మధ్యాహ్నమే గ్లౌజులు, గమ్ బూట్లు, కంపెనీ ఇచ్చిన ఫోను బుల్లబ్బాయి గారి బల్ల మీద పెట్టేసి, వెన్నెలని చంకనేసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ పిల్ల చేత నాకు టాటా చెప్పించింది.

మానేసే ముందు ఒక్కసారి అడుగుదామని నేను ఫర్హానాకి ఫోన్ చేశాను. నా అదృష్టమో, రత్నకుమారి దురదృష్టమో.

"మానెయ్యకండి!" అని అరిచింది ఫర్హానా. "మీరు మానేస్తే మీ గడి పోతుంది. పాప గడి పోదు. దానికి మధ్యలో తల్లి లేకపోతే ఇంకా పైకి వెళ్ళి తగులుకుంటుంది. నేరుగా కంపెనీ గడికి. అక్కడ పిల్లల వరసలో సున్నా అని రాసి ఉంది, ఇంజెక్షన్లప్పుడు ఏడవకూడదని. ఆ గడి మార్చే హక్కు ఇక్కడ ఎవరికీ లేదు. అలా అయ్యాక పాపని మళ్ళీ మీ కిందికి తేలేం."

"మానేసినావిడ మళ్ళీ వచ్చి పన్లో చేరితేనో?"

"కొత్త మనిషి కింద చేరుతుందక్కా. పాప గడి ఆమెని గుర్తుపట్టదు. కంపెనీ డాక్టరు దగ్గరికి వస్తే పట్టీని చేత్తో దించే మిషను ఒకటుంది గానీ, కొంత ప్రమాదం కాబట్టి ఇంకే దారీ లేని పిల్లలకే వాడతారు. మనిషి ఎదురుగా ఉండాలి."

నేను పరుగెత్తుకుంటూ రత్నకుమారి గదికి వెళ్ళాను. తాళం. అద్దె గది ఖాళీ చేసి మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిందన్నారు. ఏ బస్సో ఎవరూ చూడలేదు.

రెండు రోజుల తర్వాత ఫర్హానాయే ఫోన్ చేసింది. గొంతులో ఏదో తొందర. "అక్కా, ఒక సందు దొరికింది. మీ షెడ్డులో మొదట్లో ఎవరైనా బల్ల దగ్గరే కాన్పయ్యారా?"

అయింది. నొప్పులు తెలియక, ఒలుస్తూ ఒలుస్తూ ఉమ్మనీరు పోయాకే తెలుసుకుంది ఒకావిడ. ఊరంతా తెలుసు.

"ఆ తర్వాత గర్భిణులకి మినహాయింపు పెట్టారు. నొప్పులు తెలియాలి కదా. ఆ గడి ఒక్కటే తాళానికి లొంగదు, దాన్ని దాటి కిందికీ తాళం దిగదు. అందులో మీ అంకె నాలుగు రోజులకి ఒకటి చొప్పున పైకి ఎక్కుతుంది. నలభై రోజులకి పది. పాపకి రాసిన ఒకటి కొట్టేసి, ఖాళీగా వదిలేద్దాం. ఖాళీగా ఉంటే మీదే వస్తుంది."

"మరి నాకు కడుపు లేదండి."

"పేజీ మీద ఉంటే చాలు." కొంచెం ఆగింది. "మీరు ఒక్క షిఫ్టు కూడా మానకూడదు. రాని రోజు మీ గడి షెడ్డు కిందికి జారిపోతుంది, మళ్ళీ సున్నా నుంచి మొదలు. పాప కూడా అంతే. ఐసులోనే ఉండాలక్కా మీరు. పది దాకా."

"అలాగేనండి," అన్నాను. ఏం ఆలోచించలేదు. ఆలోచిస్తే అనలేకపోయేదాన్నేమో.

మర్నాడు బుల్లబ్బాయి గారు పేజీ చూసి కళ్ళు పెద్దవి చేశారు. "ఏటమ్మా వీరవేణీ, సెప్పనేలేదు! ఎన్నో నెల?"

"మూడండి."

బల్లలన్నీ గొల్లుమన్నాయి. ఒకావిడ చింతకాయ తెచ్చి నోట్లో పెట్టింది. ఇంకొకావిడ, "ఈ హడావుడిలో ఎప్పుడు కుదిరిందే మీకు?" అంది. సాయంత్రం ధనరాజు ఆటోలో నా పక్కన కూర్చుని, ముందుకే చూస్తూ, "నాకు ఎవడో సెబితే తెలవాలా?" అన్నాడు. సంగతి చెప్పాక కూడా ఊరుకోలేదు, "అయితే లేదంటావ్?" అని ఇంకోసారి అడిగాడు, కొంచెం దిగులుగా. గర్భిణుల్ని ఐసు బల్ల నుంచి తప్పించాలని గోడ మీద రాసి ఉంది. సీజను కదా అని బుల్లబ్బాయి గారు తప్పించలేదు. ఆ గోడ మీది రాతని ఆ ఒక్కసారికి నేనే ఆయనకి గుర్తు చెయ్యలేదు.

ఒకటి, రెండు అంకెల దగ్గర చక్కిలిగింతలాగే ఉంది. నాలుగు దగ్గర వేళ్ళ చివర్లు లాగడం మొదలైంది. ఆరు దగ్గర, గోళ్ళ కింద సూదులు. మర్చిపోయానని అనుకున్నాను ఆ మంట. ఒళ్ళు మర్చిపోదు. పైగా ఇన్ని నెలలుగా నొప్పి తెలియక వేళ్ళ మీద ఎన్ని గాట్లు పడ్డాయో, అన్నీ ఒక్కొక్కటే లేచి వచ్చాయి. మిగతావాళ్ళందరూ కబుర్లు చెప్పుకుంటూ ఒలుస్తుంటే నేను పెదవి కరుచుకుని ఒలిచేదాన్ని. నాలుగొందల మందిలో ఐసు చల్లగా ఉందని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నా ట్రేలు తగ్గిపోయాయి. "కడుపుతో ఉన్నప్పుడు నీరసంలే," అని పక్కావిడ తన ట్రేలోంచి రెండు దోసిళ్ళు నా దాంట్లో పడేసేది. నా అబద్ధానికి ఆ మంచితనం చూసి, ఆవిడ మొహం చూడలేక తలొంచుకునేదాన్ని.

ఏడు దగ్గర ఒక రోజు చెయ్యి ఐసులోంచి తీసేశాను. ఇంక పెట్టలేననిపించింది. గేటు వైపు నాలుగడుగులు వేశాను కూడా. సరిగ్గా అప్పుడు పిల్లల గది కిటికీలోంచి లిఖిత కనిపించింది. ఆయా దానికి వేడి పాలు ఇస్తోంది. గ్లాసు మూతికి ఆనించుకుని, ఠక్కున వెనక్కి లాగింది. గ్లాసుకేసి కోపంగా చూసింది. మళ్ళీ దగ్గరికి తెచ్చి, పెదాలు సున్నాలా చుట్టి, ఊదింది. ఎవరూ నేర్పలేదు దానికి.

నేను తిరిగి బల్ల దగ్గరికి వచ్చి రెండు చేతులూ మణికట్టు దాకా ముంచాను.

నలభై ఒకటో రోజు. మధ్యాహ్నం అన్నాల వేళ పిల్లల గదికి వెళ్ళాను. లిఖిత తలుపు వేసి తీసి ఆడుకుంటోంది. వేలు సందులో పడింది. నోరు తెరిచింది. ఊపిరి లోపలికి పీల్చుకుంటూనే ఉంది, పీల్చుకుంటూనే ఉంది. అప్పుడు వచ్చింది ఏడుపు. షెడ్డు రేకులు అదిరిపోయే ఏడుపు.

మిగతా పదిమంది పిల్లలు బొమ్మలు వదిలేసి దాని చుట్టూ చేరారు. ఆ గదిలో ఏడుపు అన్నది వాళ్ళు ఎన్నాళ్ళుగానో వినలేదు. నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఒక పిల్లయితే లిఖిత చెంప మీది నీళ్ళు వేలితో తీసుకుని నాకి చూసింది. బల్లల దగ్గరి తల్లులు ఒక్కొక్కళ్ళే చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఎవరి పిల్ల మొహం వాళ్ళు చూసుకుంటున్నారు. వాళ్ళకి నేను ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

వారంలో ఇంకో అయిదుగురికి పేజీ మీద కడుపులొచ్చాయి. ఫర్హానా ఒక్కొక్కళ్ళకీ తానే కొట్టింది. ఆరో ఆవిడకి కొడుతుంటే పైవాళ్ళు పట్టుకున్నారు. ఆమె పాస్‌వర్డు తీసేశారు. పిల్లల గడి ఖాళీగా ఉంటే పైకి వెళ్ళకుండా తల్లిని అడిగేలా ఆమె రాసిచ్చిన మార్పు పరిశీలనలో ఉందట. మొదలైన అయిదుగురివీ ఆపలేదు. మిగిలిన అయిదుగురు పిల్లల తల్లులతో కలిసి నేనూ రోజూ మేనేజరు గది ముందు కూర్చుంటున్నాను. నా కూతురు పట్టీ నూనె రాస్తే ఊడొచ్చింది, నాదీ అంతే. మంట రోజూ ఉంది. అది నేను పడతాను.

పాస్‌వర్డు పోయే ముందు ఫర్హానా నా కోసం ఒక్కటి చూసి చెప్పింది. వెన్నెల పట్టీ ఇంకా పనిచేస్తూనే ఉంది. తల్లి: లేదు. పైవారు: కంపెనీ. అంకె: సున్నా. పిల్ల ఎక్కడుందో మాత్రం అది చెప్పలేదు.

రత్నకుమారికి ఈ సంగతేదీ తెలియదు. షెడ్డు వదిలేసింది కాబట్టి పిల్ల బాగుపడిపోయిందనే అనుకుంటూ ఉంటుంది. పిల్ల ఏడవకపోతే, బుద్ధిమంతురాలనుకుంటుంది, నేను అనుకున్నట్టే. మానెయ్ అని చెప్పినదాన్ని నేను. ఉప్పు మళ్ళలో పని దొరికిందని ఎవరితోనో అందట. నౌపడ వైపని ఒకరు, నెల్లూరు వైపని ఒకరు. ధనరాజు ఆటో వేసుకుని రెండుసార్లు వెళ్ళి వచ్చాడు. దొరకలేదు.

ఇది చదివేవాళ్ళలో ఉప్పు మళ్ళ దగ్గర ఉండేవాళ్ళు ఎవరైనా ఉంటే, మీకో దణ్ణం. రత్నకుమారి పొడుగ్గా ఉంటుంది, గట్టిగా నవ్వుతుంది, కుడి చేతి చూపుడు వేలికి గోరు లేదు. వెన్నెలకి మూడేళ్ళు. చెప్పులు వేసుకోదు. మెడ వెనక జుట్టు కింద రూపాయి బిళ్ళంత పట్టీ ఉంటుంది. దాన్ని పీకకండి, తల్లిని పీకనివ్వకండి. కాకినాడ రోడ్డు రొయ్యల షెడ్డులో వీరవేణి రమ్మంటోందని, కంపెనీ డాక్టరు దగ్గర మిషను ఉందని చెప్పండి. రత్నకుమారి ఇక్కడికి వచ్చేదాకా ఆగకుండా ముందు మీరే ఒకసారి వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. నవ్వుతోంది కదా అని వెనక్కి తిరగొద్దు. ఆ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రెండు అరికాళ్ళూ తిరగేసి చూడండి.